లిస్ట్‌కి పంపిన మంచి మెయిల్స్ చడీచప్పుడు లేకుండా మాయమవుతున్నాయి, ఎక్కడ వెతకాలి?

వాలంటీర్_అడ్మిన్:

నమస్కారం అండి. వినికిడి లోపం ఉన్న పిల్లల తల్లిదండ్రుల కోసం ఒక మెయిలింగ్ లిస్ట్ నడుపుతున్నాం. దాదాపు 400 మంది సభ్యులు. లిస్ట్ నడిపేది మెయిల్‌మ్యాన్ 2.1, సర్వర్‌లో మెయిల్ అందుకునేది, పంపేది పోస్ట్‌ఫిక్స్, స్పామ్ పట్టేది స్పామ్అసాసిన్. తొమ్మిది వారాల క్రితం పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కి మారాం, లిస్ట్ సెట్టింగ్స్ ఒక్కటి కూడా మార్చకుండా ఉన్నవి ఉన్నట్టే తెచ్చాను. మొదటి ఐదారు వారాలు ఏ ఇబ్బందీ లేదు.

మూడు వారాల నుంచి ఒక్కొక్కరే నాకు విడిగా రాయడం మొదలుపెట్టారు, "నా మెయిల్‌కి ఎవరూ జవాబివ్వలేదు" అని. మొదట నేను కూడా అందరూ పనుల్లో ఉన్నారేమో అనుకున్నాను. కానీ నిన్న ఒక అమ్మ రాసింది చదివాక నిద్ర పట్టలేదు. వాళ్ళ పాపకి ఇంప్లాంట్ ఆపరేషన్ గురించి రెండుసార్లు లిస్ట్‌కి రాసిందట, ఒక్కరూ పలకలేదట, "నేనేమైనా తప్పుగా రాసి ఉంటే చెప్పండి, సరిదిద్దుకుంటాను" అని నన్ను అడిగింది. ఆ రెండు మెయిల్సూ అసలు లిస్ట్‌లో రానేలేదు. ఆర్కైవ్‌లో లేవు, మోడరేషన్ క్యూలో లేవు, ఆమెకి తిరిగి ఏ నోటీసూ వెళ్ళలేదు.

నేను చూసినవి చెబుతాను. ఆమె సభ్యురాలే, మోడరేషన్ బిట్ (మెయిల్‌ని ముందు మోడరేటర్ చూడాలనే గుర్తు) వేసి లేదు, అదే అడ్రస్ నుంచే రాసింది. ఇది డీమార్క్ (పంపినవారి డొమైన్ అసలుదేనా అని సరిచూసే పద్ధతి) గొడవేమో అని ఆ సెట్టింగ్ కూడా మార్చి చూశాను, తేడా లేదు. ఆమె అడ్రస్‌ని యాక్సెప్ట్ జాబితాలో కూడా చేర్చాను, అయినా అంతే. విచిత్రం ఏమిటంటే, ఇంకో సభ్యుడు మామూలుగా రాసిన మూడు మెయిల్స్ పోయాయి, కానీ అదే మనిషి వాళ్ళ బాబు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష ఫలితం) స్కాన్‌లు జతచేసి పంపిన పెద్ద మెయిల్ మాత్రం చక్కగా వచ్చింది. నేను మా సర్వర్‌లో ఉన్న నా ఖాతా నుంచి ఎన్నిసార్లు టెస్ట్ చేసినా వెంటనే వస్తోంది. మా కమిటీ వాళ్ళవి కూడా వస్తున్నాయి. నాకు ఏమీ పాలుపోవడం లేదు. నేను వృత్తిరీత్యా సిస్టమ్ అడ్మిన్‌ని కాదు, చూసి నేర్చుకుని నడుపుతున్నాను, కాబట్టి కొంచెం వివరంగా చెప్పండి.

లాగ్_ముందు:

సెట్టింగ్స్ మార్చడం ప్రస్తుతానికి ఆపండి. ఏది ఎందుకు మారిందో తెలియకుండా నాలుగు మార్చేస్తే తర్వాత దారి దొరకదు. ముందు ఒక్క మెయిల్‌ని పట్టుకుని అది ఎక్కడిదాకా వచ్చిందో చూడాలి. ఆ అమ్మగారిని తన సెంట్ ఫోల్డర్లో ఆ మెయిల్ తెరిచి, ఒరిజినల్ సోర్స్ చూపించే ఆప్షన్ నొక్కి, మెసేజ్-ఐడీ అనే హెడర్ (మెయిల్ పైభాగంలో ఉండే సమాచారపు వరుస) కాపీ చేసి పంపమనండి. కోణపు బ్రాకెట్ల మధ్య ఉండే పొడుగాటి మాట అది. సబ్జెక్ట్ పట్టుకుని వెతికితే లాగ్‌లో ఏమీ దొరకదు, ఎందుకంటే సబ్జెక్ట్ మామూలుగా లాగ్‌లో రాయరు.

ఆ ఐడీతో మొదట పోస్ట్‌ఫిక్స్ మెయిల్ లాగ్‌లో వెతకండి. అక్కడ అసలు కనబడకపోతే మెయిల్ మీ గుమ్మం దాకా రాలేదన్నమాట, మెయిల్‌మ్యాన్‌ని అనాల్సిన పని లేదు. కనబడితే దాని పక్కన ఒక క్యూ ఐడీ (పోస్ట్‌ఫిక్స్ ఆ మెయిల్‌కి ఇచ్చుకున్న గుర్తు) ఉంటుంది, ఆ క్యూ ఐడీతో మళ్ళీ వెతికితే చివరికి ఏమైందో తెలుస్తుంది. "డెలివర్డ్ టు కమాండ్" అని చెప్పి మెయిల్‌మ్యాన్ పోస్ట్ కమాండ్ కనిపిస్తే, పోస్ట్‌ఫిక్స్ తన పని చేసి మెయిల్‌మ్యాన్ చేతిలో పెట్టేసింది. అక్కడ స్టేటస్ సెంట్ అనే ఉంటుంది, దాన్ని చూసి "వెళ్ళింది కదా" అనుకుని చాలామంది ఆగిపోతారు. చేతిలో పెట్టడం వేరు, లిస్ట్‌లో పంచడం వేరు.

తర్వాత మెయిల్‌మ్యాన్ లాగ్స్. వాటిలో మీకు కావాల్సింది "వెట్" అనే ఫైల్. పంచిన మెయిల్స్ "పోస్ట్" అనే లాగ్‌లో ఉంటాయి, ఆపిన, తిప్పికొట్టిన, పారేసిన మెయిల్స్ వెట్‌లో ఉంటాయి. పారేసి ఉంటే "మెసేజ్ డిస్కార్డెడ్" అని, దాని కింద లిస్ట్ పేరు, హ్యాండ్లర్ (మెయిల్‌ని పరిశీలించే మెయిల్‌మ్యాన్ భాగం) పేరు ఉంటాయి. ఆ హ్యాండ్లర్ పేరే అసలు సంగతి చెబుతుంది. మోడరేట్ అని ఉంటే పంపినవాళ్ళ అడ్రస్‌తో గొడవ. మైమ్‌డెల్ అని ఉంటే కంటెంట్ ఫిల్టర్ పని. అప్రూవ్ అని ఉంటే మెయిల్ లూప్ అనుకుని ఉండొచ్చు, అంటే మీ లిస్ట్ పేరున్న ఎక్స్-బీన్‌దేర్ హెడర్ అప్పటికే ఆ మెయిల్లో ఉందన్నమాట. లిస్ట్ నుంచి వచ్చిన పాత మెయిల్‌ని ఫార్వర్డ్ చేయకుండా రీడైరెక్ట్ చేస్తే ఇలా జరుగుతుంది. స్పామ్‌డిటెక్ట్ అని ఉంటే హెడర్ ఫిల్టర్ రూల్స్ చూడాలి.

ఆ నాలుగు వరుసలు ఇక్కడ పెట్టండి, అడ్రస్‌లు మాత్రం తీసేసి. ఊహల మీద ఎంతసేపు మాట్లాడుకున్నా లాభం లేదు.

పాత_పోస్ట్‌మాస్టర్:

పైన చెప్పింది అక్షరాలా నిజం, లాగ్ చూడకుండా ఏదీ తేలదు. లాగ్ తెచ్చేలోపు నేను ఇన్నేళ్ళలో చూసిన కారణాలు కొన్ని రాస్తాను, మీది కాకపోయినా ఇదే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి పనికొస్తాయి.

ముందు ఒక మాట. మెయిల్ పోయిందన్న ప్రతి ఫిర్యాదూ నిజంగా పోయింది కాదు. జీమెయిల్ వాడేవాళ్ళకి తాము లిస్ట్‌కి పంపిన మెయిల్ మళ్ళీ ఇన్‌బాక్స్‌లో కనబడదు, మెసేజ్-ఐడీ అదే కాబట్టి జీమెయిల్ రెండో కాపీని పక్కన పెట్టేస్తుంది. అలాగే డూప్లికేట్ కాపీలు వద్దు అనే ఆప్షన్ ఉన్న సభ్యుడి అడ్రస్ టూలోనో సీసీలోనో ఉంటే మెయిల్‌మ్యాన్ అతనికి విడిగా ఇంకో కాపీ పంపదు. అందుకే మొదట చూడాల్సింది ఆర్కైవ్. మీరు చూశారు, అక్కడ లేదు, కాబట్టి మీది నిజంగా పోయిన కేసే.

నా దగ్గర ఎక్కువసార్లు దొరికిన దొంగ కంటెంట్ ఫిల్టర్. ప్లెయిన్ టెక్స్ట్ మాత్రమే అనుమతించేలా పెట్టి ఉంటే, ఒట్టి హెచ్‌టీఎంఎల్‌తో వచ్చిన మెయిల్‌లో ఫిల్టర్ అయ్యాక మిగిలేది ఏమీ ఉండదు. మిగలకపోతే ఏం చేయాలి అన్నది ఫిల్టర్ యాక్షన్ అనే సెట్టింగ్, అది డిఫాల్ట్‌గా డిస్కార్డ్. కొన్ని ఫోన్ యాప్‌లు ఒట్టి హెచ్‌టీఎంఎల్ పంపుతాయి. పాపం ఆ మనిషి కంప్యూటర్ నుంచి రాస్తే వస్తుంది, ఫోన్ నుంచి రాస్తే పోతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

రెండోది మనం మన చేత్తో చేసుకునేది. మోడరేషన్ పేజీలో స్పామ్ పారేసేటప్పుడు, ఈ పంపినవారిని ఫిల్టర్‌లో చేర్చు అనే గడి ఒకటి ఉంటుంది. దాన్ని టిక్ చేస్తే ముందే ఎంచి ఉండేది డిస్కార్డ్స్. స్పామర్ ఎవరో మంచి మనిషి అడ్రస్‌ని దొంగిలించి పంపి ఉంటే, మోడరేటర్ తొందరలో ఆ గడి నొక్కితే, ఆ మంచి మనిషి అడ్రస్ శాశ్వతంగా డిస్కార్డ్ జాబితాలోకి వెళ్ళిపోతుంది. అతను ఆ అడ్రస్‌తో సభ్యుడు కాకపోతే ఇక అతని మాట ఎప్పటికీ వినబడదు. ఈ జాబితాలో టోపీ గుర్తుతో (^) మొదలయ్యే వరుసలుంటే అవి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, అంటే పోల్చి చూసే అక్షరాల నమూనాలు, ఎవరో ఐదేళ్ళ క్రితం రాసిన ఒక్క వరుస ఒక డొమైన్ మొత్తాన్ని మింగుతూ ఉండొచ్చు.

ఇంకొకటి, ఆపిన మెయిల్స్‌ని ఇన్ని రోజుల తర్వాత పారేయి అనే సెట్టింగ్ జనరల్ ఆప్షన్స్‌లో ఉంది. మోడరేటర్ వారం రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి క్యూ ఖాళీగా ఉంటే, స్పామ్ తగ్గిందని సంతోషించకుండా ఆ అంకె ఎంతుందో చూసుకోవాలి. సున్నా పెడితే తనంతట తాను పారేయదు.

డీమార్క్ గురించి మీరు కంగారు పడ్డారు కానీ, అది వేరే రకం దెబ్బ. 2014 ఏప్రిల్‌లో యాహూ రిజెక్ట్ పాలసీ పెట్టినప్పుడు ప్రపంచంలో ఉన్న లిస్టులన్నీ అల్లాడిపోయాయి, అప్పుడు జరిగింది మాత్రం అవతల తీసుకునే సర్వర్లు తిప్పికొట్టడం, అందువల్ల ఏ పాపం ఎరుగని సభ్యుల ఖాతాలు బౌన్స్‌ల కింద నిలిచిపోవడం. లిస్ట్ ఆర్కైవ్‌లో మాత్రం మెయిల్ ఉండేది. డీమార్క్ మోడరేషన్ యాక్షన్‌లో ఎవరైనా కావాలని డిస్కార్డ్ ఎంచుకుంటే తప్ప మీ లక్షణాలు దానివల్ల రావు.

వాలంటీర్_అడ్మిన్:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. లాగ్స్ ఎక్కడున్నాయో వెతకడానికే గంట పట్టింది కానీ దొరికాయి.

ఆ అమ్మ మెసేజ్-ఐడీ పంపింది. పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో ఉంది, మీరు చెప్పినట్టే చివర్లో డెలివర్డ్ టు కమాండ్, మెయిల్‌మ్యాన్ పోస్ట్ అని ఉంది. వెట్ లాగ్‌లో కూడా అదే ఐడీ: మెసేజ్ డిస్కార్డెడ్, లిస్ట్ మాదే, హ్యాండ్లర్ స్పామ్‌డిటెక్ట్. రెండో మెయిల్‌దీ అదే కథ. ఆ ఆడియోగ్రామ్ పంపిన ఆయనవి పోయిన మూడూ అంతే.

అంటే స్పామ్ అనుకుని పారేసింది. కానీ స్పామ్అసాసిన్ దాన్ని స్పామ్ అనలేదు! మెయిల్ లాగ్‌లోనే స్పామ్‌డీ (స్పామ్అసాసిన్‌లో వెనక నడిచే ప్రోగ్రామ్) రాసిన వరుస ఉంది, రిజల్ట్ అన్న మాట తర్వాత ఒట్టి చుక్క ఉంది, తర్వాత మైనస్ 1, తర్వాత బేయెస్_00, డీకిమ్_సైన్డ్, హెచ్‌టీఎంఎల్_మెసేజ్ లాంటి పరీక్షల పేర్లు కొన్ని. స్పామ్ అయితే చుక్క ఉండాల్సిన చోట వై అని ఉంటుందని చదివాను. మైనస్ స్కోర్ అంటే చాలా మంచి మెయిల్ అనే కదా?

హెడర్ ఫిల్టర్ రూల్స్‌లో ఒక్కటే ఉంది, నాకంటే ముందు చూసుకున్నవాళ్ళు ఎప్పుడో పెట్టింది: ఎక్స్-స్పామ్-స్టేటస్, కోలన్, తర్వాత చుక్క, నక్షత్రం, తర్వాత యెస్. యాక్షన్ డిస్కార్డ్. స్పామ్ అయితే ఆ హెడర్‌లో యెస్ అని ఉంటుంది కాబట్టి ఇది సరైన రూలే అనిపిస్తోంది. పాత సర్వర్లో ఏళ్ళ తరబడి ఇదే ఉంది, ఎప్పుడూ ఒక్క మంచి మెయిల్ పోలేదు. ఇక్కడే ఆగిపోయాను.

రెజెక్స్_సాధకుడు:

దొరికింది అండి. తప్పు ఆ రూల్‌లోనే ఉంది. మీరు పెట్టిన పరీక్షల పేర్లలో మొదటిది ఇంగ్లిష్ అక్షరాల్లో పలికి చూడండి: బి, ఎ, వై, ఇ, ఎస్. చివరి మూడు అక్షరాలు వై, ఇ, ఎస్. యెస్!

మెయిల్‌మ్యాన్ ఈ రూల్స్‌ని పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూడకుండా పోలుస్తుంది, పైగా ఆ ముక్క వరుసలో ఎక్కడున్నా సరిపోయినట్టే లెక్క. మీ రూల్‌లో చుక్క-నక్షత్రం అంటే మధ్యలో ఏమైనా ఉండొచ్చు అని. స్పామ్అసాసిన్ మంచి మెయిల్‌కి రాసే హెడర్ ఇలా ఉంటుంది: ఎక్స్-స్పామ్-స్టేటస్, నో, స్కోర్ ఇంత, కావాల్సింది 5.0, టెస్ట్స్ ఈక్వల్ బేయెస్_00, ఇంకా మిగతావి. అందులో నో అని స్పష్టంగా ఉన్నా, అదే వరుసలో ముందుకెళ్తే బేయెస్‌లో ఉన్న యెస్ తగులుతుంది, రూల్ సరిపోయింది అనుకుని మెయిల్‌మ్యాన్ పారేస్తుంది. బేయెస్_00 అంటే "ఇది స్పామ్ అయ్యే అవకాశం దాదాపు లేదు" అని అర్థం. ఎంత మంచి మెయిల్ అని ముద్ర పడితే అంత ఖాయంగా చెత్తబుట్టలోకి పోతోందన్నమాట. ఇది చూసి నాకు నిజంగా బాధేసింది.

పాత సర్వర్లో ఎందుకు రాలేదు అంటే, అక్కడ బేయెస్ పరీక్ష (పాత మెయిల్స్ చూసి నేర్చుకుని స్పామ్ అవునా కాదా అని అంచనా వేసేది) ఆపేసి ఉండాలి, లేదా దానికి నేర్పి ఉండకూడదు. కొత్త సర్వర్లో అది డిఫాల్ట్‌గా నడుస్తుంది, తనంతట తాను నేర్చుకుంటుంది కూడా. కానీ కనీసం 200 స్పామ్‌లు, 200 మంచి మెయిల్స్ నేర్చుకునేదాకా ఏ మెయిల్‌కీ బేయెస్ తీర్పు ఇవ్వదు. మంచివి త్వరగా నిండుతాయి, స్కోర్ 0.1 కంటే తక్కువ ఉంటే చాలు. స్పామ్ మాత్రం స్కోర్ 12 అందుకుంటేనే నేర్చుకుంటుంది, అలాంటివి 200 పోగవడానికి చిన్న సర్వర్లో వారాలు పడుతుంది. మీకు ఐదారు వారాలు ఏ ఇబ్బందీ లేకపోవడానికి కారణం అదే అనుకుంటున్నాను. ఎస్ఏ-లెర్న్ కమాండ్‌ని డంప్ మ్యాజిక్ ఆప్షన్‌తో నడిపితే ఎన్‌స్పామ్, ఎన్‌హ్యామ్ అని రెండు అంకెలు వస్తాయి, అవి నేర్చుకున్న స్పామ్‌ల, మంచి మెయిల్స్ లెక్కలు, చూడండి. స్పామ్‌డీ ఏ యూజర్‌గా నడుస్తోందో ఆ యూజర్‌గానే నడపాలి, లేకపోతే వేరే డేటాబేస్ చూపించి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

మిగతా ముడులు కూడా దీంతోనే విడిపోతాయి. మెయిల్‌ని స్పామ్‌డీకి అందించే స్పామ్‌సీ ప్రోగ్రామ్ డిఫాల్ట్‌గా 500 కేబీ కంటే పెద్ద మెయిల్‌ని స్కాన్ చేయకుండానే వదిలేస్తుంది, స్కాన్ లేకపోతే ఆ హెడరే ఉండదు, ఆడియోగ్రామ్‌లు అలా బతికిపోయాయి. మీరూ మీ కమిటీ వాళ్ళూ మీ సర్వర్‌కే లాగిన్ అయి 587 పోర్ట్ ద్వారా పంపుతారు, ఆ దారిలో స్పామ్ స్కాన్ పెట్టి ఉండరు. బయటి నుంచి వచ్చేవాళ్ళే దెబ్బతిన్నారు. మీరు కొందరివే పోతున్నాయన్నట్టు రాశారు కానీ, నా అనుమానం, ఈ మూడు వారాల్లో బయటివాళ్ళవి దాదాపు అన్నీ పోయి ఉంటాయి. కమిటీ మెయిల్స్ వస్తూ ఉండడంతో లిస్ట్ బాగానే నడుస్తున్నట్టు కనిపించింది.

యాక్సెప్ట్ జాబితాలో చేర్చినా ఎందుకు పనిచేయలేదు అంటే, మెయిల్‌మ్యాన్ వరుసలో స్పామ్‌డిటెక్ట్ అందరికంటే ముందు నడుస్తుంది. సభ్యులా కాదా అని చూసే మోడరేట్ దాని తర్వాతే. ముందే పారేశాక ఇంకెక్కడ చూస్తుంది.

నా మాట అలా నమ్మేయకండి, ఒక పరీక్ష చేయండి. బయటి ఖాతా ఒకదాని నుంచి మీ సర్వర్లో ఉన్న మీ సొంత ఇన్‌బాక్స్‌కి మెయిల్ పంపి, సోర్స్ తెరిచి, ఎక్స్-స్పామ్-స్టేటస్ వరుస చూడండి. అందులో నో ఉండి, బేయెస్ కూడా ఉంటే తేలిపోయినట్టే. తర్వాత రూల్ మార్చండి: మొదట టోపీ గుర్తు, తర్వాత ఎక్స్-స్పామ్-ఫ్లాగ్, కోలన్, ఖాళీ, యెస్. మధ్యలో చుక్కా నక్షత్రం వద్దు. ఆ ఫ్లాగ్ హెడర్ స్పామ్ అని తేలిన వాటికే వస్తుంది, అందులో పరీక్షల పేర్లు ఉండవు. యాక్షన్ డిస్కార్డ్ తీసేసి హోల్డ్ (మోడరేటర్ చూసేదాకా ఆపి ఉంచడం) పెట్టండి, కనీసం కొన్నాళ్ళు.

పాత_పోస్ట్‌మాస్టర్:

చక్కగా పట్టుకున్నారు. నేను ఇన్నేళ్ళు చేసినా ఈ బేయెస్-యెస్ సంగతి ఎప్పుడూ తట్టలేదు, ఇప్పుడే వెళ్ళి నా దగ్గరున్న రూల్స్ అన్నీ చూసుకున్నాను.

హోల్డ్ విషయంలో మాత్రం కొంచెం వేరే మాట చెబుతాను. అన్నిటికీ హోల్డ్ పెడితే రోజుకి వంద స్పామ్‌లు క్యూలో పడతాయి, నాలుగో రోజు నుంచి మోడరేటర్ చదవడం మానేసి అన్నీ కలిపి డిస్కార్డ్ నొక్కేస్తాడు. అప్పుడు మంచి మెయిల్ పోవడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. రిజెక్ట్ (నోటీసుతో తిప్పికొట్టడం) కూడా వద్దు, స్పామ్‌లో పంపినవారి అడ్రస్ ఎక్కువగా దొంగదే, ఆ నోటీసులు సంబంధం లేని మనుషులకి పోతాయి. నేను చేసేది ఏమిటంటే రెండు రూల్స్. ఎక్స్-స్పామ్-లెవెల్ హెడర్‌లో స్కోర్ ఎంతో అన్ని నక్షత్రాలుంటాయి, పది నక్షత్రాలు దాటిన వాటిని మాత్రం డిస్కార్డ్. ఐదు నుంచి పది మధ్య ఉన్నవి హోల్డ్. ఆ మధ్యలో పడేవి కొద్దిగానే ఉంటాయి, కూర్చుని చదవొచ్చు. డిస్కార్డ్ రూల్ పైన, హోల్డ్ రూల్ కింద ఉండాలి, ఎందుకంటే మొదట సరిపోయిన దానితోనే ఆగిపోతుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో నక్షత్రానికి వేరే అర్థం ఉంది కాబట్టి ప్రతి నక్షత్రం ముందు బ్యాక్‌స్లాష్ పెట్టడం మర్చిపోవద్దు.

ఇంకో సంగతి. ఆటో డిస్కార్డ్‌లను మోడరేటర్‌కి ఫార్వర్డ్ చేయి అనే ఆప్షన్ ఆన్ చేసి ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది సభ్యులు కానివాళ్ళ మెయిల్స్ మోడరేట్ దగ్గర పారేసినప్పుడే పనిచేస్తుంది. హెడర్ రూల్స్ పారేసినవి మీ దాకా రావు. అందుకే మీకు మూడు వారాలు ఒక్క కబురూ అందలేదు, అందులో మీ అజాగ్రత్త ఏమీ లేదు.

లాగ్_ముందు:

పారేసిన మెయిల్స్ మెయిల్‌మ్యాన్ నుంచి వెనక్కి రావు, అది కాపీ ఉంచుకోదు. కానీ ఎవరెవరివి పోయాయో తెలుసుకోవచ్చు, ఈ రోజే చేయండి, ఎందుకంటే మెయిల్ లాగ్ పాతబడితే తనంతట అదే చెరిగిపోతుంది, చాలా సర్వర్లలో నాలుగు వారాలే ఉంచుతారు. మీకు ఇప్పటికే మూడు గడిచాయి. అన్నిటికంటే ముందు పాత లాగ్ ఫైళ్ళు, కుదించి ఉన్నవాటితో సహా, వేరే ఫోల్డర్‌కి కాపీ చేయండి.

తర్వాత వెట్ లాగ్‌లో స్పామ్‌డిటెక్ట్ పారేసిన మెసేజ్-ఐడీలన్నీ ఒక ఫైల్‌లోకి తీయండి. అందులో నిజమైన స్పామ్ కూడా కలిసి ఉంటుంది. వేరు చేయడం సులువు: స్పామ్‌డీ రిజల్ట్ వరుస చివర్లో ఎంఐడీ అని అదే మెసేజ్-ఐడీ ఉంటుంది, ఆ వరుసలో చుక్క ఉన్నవి అన్యాయంగా పోయినవి, వై ఉన్నవి స్పామ్. చుక్క ఉన్న ఐడీలతో పోస్ట్‌ఫిక్స్ లాగ్‌కి వెళ్తే క్యూ ఐడీ, దానితో ఫ్రమ్ అడ్రస్ దొరుకుతాయి. ఒకే మెయిల్‌కి రెండు క్యూ ఐడీలు కనబడితే కంగారు పడకండి, స్కాన్ అయ్యాక మళ్ళీ క్యూలోకి వచ్చినందువల్ల అలా ఉంటుంది. ఉత్తరాలు పోయాయి కానీ పంపినవాళ్ళ సెంట్ ఫోల్డర్లలో అవి భద్రంగానే ఉంటాయి.

మెయిల్‌మ్యాన్ 3 కి మారమని ఎవరైనా చెబితే మారండి, మంచిదే, 2.1 నడిచేది పైథాన్ 2 మీద, దానికి 2020 జనవరి 1 తోనే సపోర్ట్ అయిపోయింది. కానీ పాత లిస్ట్‌ని ఇంపోర్ట్ చేసేటప్పుడు ఈ హెడర్ రూల్స్ కూడా దాంతోపాటే వస్తాయి. అక్కడ కూడా పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూడదు. ముందు ఇక్కడ రూల్ సరిచేసి ఆ తర్వాతే మారండి. 3 లో సభ్యులు కానివాళ్ళకి కూడా ఒక్కొక్కరికీ రికార్డు ఉంటుంది, దాని మీద విడిగా డిస్కార్డ్ పెట్టి ఉంటే లిస్ట్ సెట్టింగ్ ఎంత మార్చినా వాళ్ళ మెయిల్ రాదు. అదొకటి గుర్తుపెట్టుకోండి.

వాలంటీర్_అడ్మిన్:

రెండు రోజులు పట్టింది, ఇప్పుడు రాయగలుగుతున్నాను.

బయటి ఖాతా నుంచి నా ఇన్‌బాక్స్‌కి పంపి చూశాను. ఎక్స్-స్పామ్-స్టేటస్ నో, పక్కనే బేయెస్_00. తెర మీద వేలు పెట్టి వై, ఇ, ఎస్ అని లెక్కపెట్టాను. ఎస్ఏ-లెర్న్ అంకెలు: ఎన్‌స్పామ్ 231, ఎన్‌హ్యామ్ 1874. 200 దాటి ఎక్కువ రోజులు కాలేదన్నమాట, మీరు చెప్పిన లెక్క సరిగ్గా సరిపోయింది. పాత సర్వర్ కాన్ఫిగ్ బ్యాకప్ తెరిచి చూస్తే యూజ్ బేయెస్ సున్నా అని ఉంది.

రూల్ మార్చాను. పాత_పోస్ట్‌మాస్టర్ గారు చెప్పినట్టు రెండు పెట్టాను, పది నక్షత్రాలకి డిస్కార్డ్ పైన, ఫ్లాగ్ యెస్ అయితే హోల్డ్ కింద. మార్చగానే బయటి ఖాతా నుంచి లిస్ట్‌కి పంపిన టెస్ట్ మెయిల్ వచ్చింది, ఆర్కైవ్‌లో కూడా పడింది. డీమార్క్ సెట్టింగ్ నేను మార్చింది వెనక్కి మార్చేశాను, యాక్సెప్ట్ జాబితాలో చేర్చిన అడ్రస్ కూడా తీసేశాను.

లాగ్స్ కాపీ చేసి లెక్క తీశాను. చుక్క ఉన్నవి 38 మెయిల్స్, 23 మంది రాసినవి. మీ అనుమానం నిజమే అండి, కొందరివి కాదు, బయటి నుంచి రాసిన మామూలు మెయిల్స్ అన్నీ. ఈ 23 మందిలో నాకు ఫిర్యాదు చేసింది నలుగురే. మిగతా 19 మంది ఏమనుకుని ఊరుకున్నారో ఆలోచిస్తే చాలా కష్టంగా ఉంది. ఒక్కొక్కరికీ విడిగా రాశాను, మీ మెయిల్ మేము చదివి వదిలేయలేదు, మా సర్వర్ పొరపాటు వల్ల అసలు ఎవరికీ చేరలేదు, దయచేసి సెంట్ ఫోల్డర్ నుంచి మళ్ళీ పంపండి అని. ఇప్పటికి 17 మంది మళ్ళీ పంపారు. ఒకాయన, ఇక లిస్ట్ నుంచి వెళ్ళిపోదామనుకున్నాను అని రాశారు, ఉండిపోయారు.

ఆ అమ్మ నిన్న సాయంత్రం మళ్ళీ రాసింది. పడుకునేలోపు ఆరు జవాబులు వచ్చాయి, అందులో ఇద్దరు అదే ఆపరేషన్ చేయించినవాళ్ళు, ఫోన్ నంబర్లు కూడా విడిగా ఇచ్చుకున్నారట.

ఇంకో ఆరుగురి నుంచి కబురు లేదు. వాళ్ళకి రేపు మళ్ళీ రాస్తాను, ఈసారి నా సొంత ఖాతా నుంచి.